పసుపు పువ్వు గుండీ

మూడు నెలల కిందటిదాకా జకర్యా ఇంట్లో భోజనాల బల్ల మీద భోజనాలే జరిగేవి. ఇప్పుడు దాన్ని ఒక అట్టపెట్టె ఆక్రమించుకుంది. మొగుడూ పెళ్లాలిద్దరూ కంచాలు ఒళ్లో పెట్టుకుని టీవీ ముందు తింటున్నారు.

ఈ కథలోకి ఈ వారమే అడుగుపెట్టినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. జకర్యా సారపాక కాగితం మిల్లులో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాడు. ఆయన భార్య అంతోనమ్మ అదే ఊరి బజార్లో ముప్పై నాలుగేళ్లు టైలర్ షాపు నడిపింది. ఏ బట్ట కుట్టినా ఒక గుండీ ఎక్కువ తెచ్చి, దాన్ని చిన్న అట్టముక్కకు కుట్టి, ఎవరిది, ఏం బట్ట, ఏ తారీఖు అని రాసి దాచేది. గుండీ ఊడిపోయిందని ఎవరైనా వస్తే మళ్లీ అలాంటిదే ఎక్కడని వెతుకుతాం అనేది. అలా పదకొండు బిస్కెట్ డబ్బాలు నిండాయి. కంటిచూపు దెబ్బతిని షాపు మూసేశాక ఆ డబ్బాలన్నీ మంచం కిందికి చేరాయి. దగ్గరి వస్తువు ఆమెకు ఆనదు. కాస్త దూరంలో పెద్దగా ఉంటే కనిపిస్తుంది. అందుకని గుండీలను ఫొటోలు తీసి, టీవీ తెర మీద కంచమంత చేసి ఆమెకు చూపించాలని జకర్యాకు బుద్ధి పుట్టింది. ఆ పెట్టె అందుకు చేసిందే. పోయిన వారం ఆయన ఒక పసుపు పువ్వు గుండీ ఫొటో కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. సాయంత్రానికల్లా తెలియని నంబరు నుంచి మెసేజ్ వచ్చింది. "సార్, మా ఫ్రెండ్ ఫోన్ల చూసిన. ఆ గుండీ ఎవరి బట్టది? చిన్నప్పుడు నేను తొడుక్కున్న గౌనుకు గివే ఉన్నయి."

ఆ మెసేజ్ పెట్టిన అమ్మాయి ఆదివారం పొద్దున వచ్చింది.

చర్చి నుంచి వచ్చి అంతోనమ్మ ఇంకా చీర మార్చుకోనైనా లేదు. గేటు ముందు మోటార్ సైకిల్ ఆగింది. వెనక సీటు మీంచి పాతికేళ్ల అమ్మాయి దిగి, చున్నీ సర్దుకుని, బండి నడిపిన మనిషి కోసం ఆగింది. ఆయనకు యాభై దాటి ఉంటాయి. తలకు తువ్వాలు, చేతులకు మిరపతోట మందుల వాసన.

"నమస్తే సార్. మెసేజ్ పెట్టింది నేనే. జ్యోత్స్న. భద్రాచలంల దవాఖానల స్టాఫ్ నర్సును," అంది అమ్మాయి. "ఈయన మా బాపు. భద్రు."

"రాండ్రి, లోపలికి రాండ్రి," అన్నాడు జకర్యా.

"నేను ఈడనే కూసుంట సారూ," అన్నాడు భద్రు వరండాలో చెప్పులు విడవకుండానే. "బిడ్డ చూస్కోని వస్తది. తోటల పనుంది, జల్దీ పోవాలె."

"ఆదివారం నాడు తోట ఎక్కడికీ పోదులే అన్నా. చాయ్ తాగి పోదురు గానీ," అని లోపలినుంచి అంతోనమ్మ పిలిచింది. ఆమె పుట్టింటివాళ్లది మధిర. ఇన్నేళ్లు ఇక్కడున్నా మాటలో ఆ వైపు మెత్తదనం పోలేదు. ఆ పిలుపును కాదనలేక భద్రు లోపలికి వచ్చి, గుమ్మానికి దగ్గరగా ఉన్న కుర్చీలో అంచుమీద కూర్చున్నాడు.

జ్యోత్స్న తన ఫోన్లో ఒక పాత ఫొటో చూపించింది. స్టూడియోలో తీసింది. మూడేళ్ల పిల్ల, వెలుతురుకు కళ్లు చికిలించి, రెండు చేతులూ బిగదీసుకుని నిలబడి ఉంది. తెల్లటి గౌను, ఛాతీ మీద వరసగా మూడు పసుపు పువ్వులు.

"నా చిన్ననాటి ఫొటో గిదొక్కటే ఆంటీ. మా నానమ్మ పూలి ఈ గౌను తిరునాళ్లల కొన్ననని చెప్పేది. కొన్న గౌనుకు మీరు దాచిన గుండీ ఎట్లొచ్చిందా అని..."

"కొన్నది కాదు తల్లీ. ఆ గుండీలు ఒక్క డజనే వచ్చినయ్ నాకు, విజయవాడ నుంచి. మళ్లీ దొరకలేదు. అది నేను కుట్టిందే అయ్యుంటది," అంది అంతోనమ్మ. ఆ ఫోన్ తెర ఆమెకు మసకగా ఉంది. కళ్లకు దూరంగా, చెయ్యి చాపినంత మేర పట్టుకుని చూసి, ఇక కాదనుకుని తిరిగి ఇచ్చేసింది. "మీ అమ్మ కుట్టిచ్చిందా?"

జ్యోత్స్న మామూలుగానే చెప్పింది. చాలాసార్లు చెప్పి అలవాటైన మాట. "అమ్మ లేదు ఆంటీ. సోని ఆమె పేరు. నాకు పదకొండు నెలలప్పుడే జ్వరమొచ్చి పోయింది. ఆమె ఫొటో కూడ లేదు. నన్ను పెంచింది బాలి. ఆమెనే నేను యాడీ అంట. మా తండల అమ్మను గట్లనే అంటరు."

"మంచిగ చూస్కుంటదా?" అని అడిగేసి, అడగకూడనిది అడిగానేమో అన్నట్టు అంతోనమ్మ ఆగింది.

జ్యోత్స్న నవ్వింది. "నైట్ డ్యూటీ అయిపోయిందంటే పొద్దున ఆరింటికి ఫోన్ చేసి, తిన్నవా అని అడిగేది ఆమె ఒక్కతే."

భద్రు చాయ్ గ్లాసు వైపు చూస్తూ కూర్చున్నాడు.

జకర్యాకు ఆ అమ్మాయి నచ్చింది. అంతకన్నా, ఆమె వచ్చినప్పటి నుంచి అట్టపెట్టె వైపు పక్కచూపులు చూడటం నచ్చింది. ఇంటికొచ్చిన వాళ్లలో సగం మంది అది చెత్తకు తీసిపెట్టిన పెట్టె అనుకుంటారు.

"దగ్గరికొచ్చి చూడమ్మా," అన్నాడు. "కాగితం కట్టలొచ్చిన పెట్టె ఇది. రెండు పక్కలా, పైనా కిటికీల లెక్క కోసిన. వాటికి నా పాత తెల్లపంచె అతికిన. బల్బు వెలుగు ఆ బట్టల నుంచి వస్తే మెత్తగైతది, నీడ పడది. లోపల చూడు, చార్టు కాగితం. కింద నుంచి వెనక గోడదాక మడత లేకుండ వంపు తిప్పిన. మడతుంటే ఫొటోల గీత పడ్తది."

"ఆ పంచె ఇంకో రెండేళ్లు కట్టేదే," అంది అంతోనమ్మ.

"మొదటి వారం ఒకపక్క పసుపు బల్బు, ఒకపక్క తెల్ల బల్బు పెట్టిన. తెల్ల గుండీ కూడ కామెర్లొచ్చినట్టు కనబడ్డది. తర్వాత రెండూ ఒకటే రకం తెచ్చిన. మెరిసే గుండీలతోని ఇంకో తిప్పలు. గుండీల నా ఫోను, నా ముక్కు కనబడేది. నల్ల అట్టకు బొక్క పెట్టి, దాంట్ల నుంచి తీస్తే పోయింది."

"మూడు నెలలాయె, ఈయన ఇట్లా ఎవరికో ఒకరికి చెప్పాలని చూస్తున్నడు," అని అంతోనమ్మ నవ్వింది. "ఇవ్వాళ నువ్వు దొరికినవ్."

జకర్యా ఫ్యాన్ ఆపాడు. ఆపకపోతే చార్టు కాగితం వణుకుతుంది. ఏడో నంబరు డబ్బా తీసి, అట్టల్లోంచి పసుపు గుండీ ఉన్నది వెతికి, రంగులేసే చిన్న కుంచెతో దుమ్ము దులిపి పెట్టెలో పెట్టాడు. రెండు బల్బులూ వెలిగించాడు. ఫోన్ను పాత బైబిలు మీద, దాని కింద ఇంకో రెండు పుస్తకాల మీద ఆనించి, జ్యోత్స్నను నొక్కమన్నాడు. ఆమె ఊపిరి బిగబట్టి నొక్కింది. తర్వాత అది టీవీ తెరమీదికి వచ్చింది.

గదంతా పసుపు పువ్వే అయింది. అయిదు రేకులు, మధ్యలో నాలుగు రంధ్రాలు, వాటిలోంచి పోయిన తెల్లదారం. ఒక రేకు అంచున వెంట్రుకంత నెర్రె ఉంది. చేతిలో పట్టుకుంటే అది కనిపించనే కనిపించదు. జ్యోత్స్న మూడేళ్ల వయసులో తన ఛాతీ మీద మోసిన వస్తువు అంత అందమైనదని ఆమెకు ఇప్పుడే తెలిసింది.

"బాగుంది సార్," అంది. తెరకు దగ్గరగా జరిగి, "చానా బాగుంది," అంది మళ్లీ.

"అట్ట మీద పేరేముందో చదువయ్యా," అంది అంతోనమ్మ.

జకర్యా కళ్లజోడు సవరించుకుని చదివాడు. "పాప గౌను. తెల్ల పాప్లిన్. గంతే."

"పేరు లేదా?"

"లేదు. తారీఖు గూడ లేదు."

"ఉండాల్నే. పదకొండు డబ్బాల్లో పేరు లేని అట్ట ఒక్కటి కూడా ఉండదు." ఆమె అది గొప్ప కోసం చెప్పలేదు. తన పని తనకు తెలిసిన మనిషి చెప్పినట్టు చెప్పింది.

భద్రు లేచి నిలబడ్డాడు. "ఎండెక్కుతుంది బిడ్డా. పోదాం ఇగ. ఎవరు కుట్టిన్రో తెలిసింది గదా."

"అవ్ బాపూ, తెలిసింది. ఆ అట్ట ఫొటో కూడ ఒకటి తీస్కుని పోదాం. ఐదు నిమిషాలు."

గుండీ ఫొటోలో అట్ట సగమే పడింది. జకర్యా పుస్తకాల దొంతరను ఫోన్‌తో సహా కాస్త వెనక్కి జరిపి, అట్ట మొత్తం వచ్చేలా ఇంకో ఫొటో తీశాడు. టీవీలో బూడిదరంగు అట్ట, పైన పసుపు పువ్వు, పక్కన అంతోనమ్మ గుండ్రటి అక్షరాలు. కింద అంతా ఖాళీ.

అంతోనమ్మ తన కుర్చీలోంచి తెర వైపే చూస్తోంది. "కిందేదో గీసినట్టుందేం?"

"ఏంలేదే. ఖాళీ."

"ఖాళీ కాదు. గోరుతో గీరినట్టు లేదూ? కుడిపక్కకు చూడు."

జకర్యా అట్టను చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గర అటూ ఇటూ వంచాడు. ఆయన ముఖం మారింది. పాత డ్యూటీలోకి పోయినట్టు నిటారుగా అయ్యాడు.

"పెన్సిల్‌తోని రాసిన్రు," అన్నాడు. "ఇన్నేండ్లు డబ్బాల ఒరుసుకుని ఒరుసుకుని పెన్సిల్ పోయింది. ఒత్తి రాసిన్రు గన్క గుంటలు మిగిలినయి. మిల్లుల నా పని ఇదేనమ్మా. అట్ట నున్నగ ఉందో లేదో చూసుడు. పైనుంచి లైటేస్తే ఎంత గరుకుదైనా నున్నగనే కనబడ్తది. లైటును పక్కనుంచి, నేలబారుగ కొట్టాలె. గుంట ఎంత చిన్నదైనా నీడ పడ్తది."

"ఇప్పుడెందుకు సారూ గవన్నీ," అన్నాడు భద్రు.

ఎవరూ వినిపించుకోలేదు. జకర్యా అట్టను మళ్లీ పెట్టెలో పెట్టాడు. ఎడమ బల్బు ఆర్పేశాడు. నీడలు పడకూడదని మూడు నెలలుగా ఎంతో శ్రద్ధగా అతికించుకున్న పంచెబట్టను కుడివైపు అంచుదాకా ఊడదీసి పైకెత్తాడు. మిగిలిన ఒక్క బల్బును బల్ల మీదికి దించి, అట్టకు సమంగా, పక్కనుంచి పట్టుకోమని జ్యోత్స్నకు ఇచ్చాడు. "ఇంకా కిందికి. ఇంకొంచెం. ఆపు."

ఫొటో తీశాడు.

తెర మీద అట్ట ఇప్పుడు దున్నిన చెలకలా ఉంది. దానిలో నల్లటి సన్నని నీడల్లో అక్షరాలు లేచాయి. మొదటిది జో. దాని కింద యావత్తు. తర్వాత త, దాని కింద సావత్తు, నావత్తు. ఒత్తులన్నీ చోటు చాలక ఒకదాని మీదికి ఒకటి ఒరిగి ఉన్నాయి గానీ, ఒక్కటి కూడా తప్పిపోలేదు.

"జ్యోత్స్న," అని చదివాడు జకర్యా.

ఆ అమ్మాయి చేతిలో బల్బు అలాగే ఉంది. బడిలో, కాలేజీలో, ఆధార్ కార్డులో, ఆఖరికి దవాఖాన హాజరు పట్టీలో కూడా ఆమె పేరును తప్పు లేకుండా మొదటిసారే రాసినవాళ్లు లేరు. ఆ పేరు తండా బడి పంతులు పెట్టాడని ఇంట్లో చెప్పేవాళ్లు.

"ఆంటీ, మీరా రాసింది?"

"నా చేతిరాత కాదమ్మా అది," అంది అంతోనమ్మ. ఆమె గొంతు తగ్గింది. చూపు తెరమీదే ఉంది గానీ ఆమె ఆ గదిలో లేదు. "ఆగు. ఆగు, నాకు గుర్తొస్తుంది. నేను పెన్నుతో పేరు రాయబోతే, ఆమె మిషను మీది పెన్సిల్ అడిగి తీసుకుంది. 'నేను రాస్త అక్కా, దీన్ని అందరు తప్పు రాస్తరు' అన్నది. ఎవరమ్మా ఈ జ్యోత్స్న అని అడిగిన. 'నా బిడ్డ. నేనే పెట్టుకున్న పేరు' అన్నది."

అంతోనమ్మే మళ్లీ మొదలుపెట్టింది. అప్పుడు ఆమె ముఖంలో దొరికిందన్న సంతోషమే ఉంది. తను చెబుతున్నది ఎవరికి ఎలా తగులుతుందో ఇంకా తోచలేదు.

"సన్నగా ఉంది మనిషి. కొలతలకు పాపను తీసుకురమ్మంటే కుదరదన్నది. 'పొద్దున దూరంకేలి చూసిన, నాకు తెల్సు' అని చేత్తో చూపించింది. భుజం ఇంత, జాన మీద నాలుగు వేళ్లు. పొడుగు రెండు జానలు. నేను ఆమె చెయ్యి టేపుతో కొలిచి, దాన్నిబట్టి కత్తిరించిన. సాయంత్రం బస్సుకు పోవాలంటే అన్నీ పక్కన పెట్టి అదే కుట్టిన. పొద్దున పదింటి నుంచి నాలుగింటిదాకా మిషను పక్కన కూర్చుంది. నా డబ్బాల అన్నం ఇద్దరం తిన్నాం. గుండీలు కూడా ఆమే ఏరింది. గౌను సరిపోయిందా తల్లీ నీకు?"

జ్యోత్స్న ఫొటోలోని మూడేళ్ల పిల్ల భుజాలను తలచుకుంది. ఎక్కడా వదులు లేదు, బిగువు లేదు.

"సరిపోయింది ఆంటీ," అంది.

ఆ తర్వాత ఆమె కళ్లు పేరు కిందికి జారాయి. అక్కడ చిన్నగా, అదే చేత్తో, తారీఖు ఉంది. 14-6-03.

ఆమె బల్బును మెల్లగా బల్లమీద పెట్టింది. రెండువేల సంవత్సరం మే నెలలో పుట్టింది తను. పదకొండు నెలలంటే రెండువేల ఒకటి, ఏప్రిల్. ఇది రెండువేల మూడు. లెక్క వేయడానికి ఏమీ లేదు. అయినా ఆమె వేళ్లమీద ఒకసారి వేసుకుంది, మందు మోతాదు రెండోసారి సరిచూసుకున్నట్టు.

"బాపూ," అంది.

భద్రు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఒక కాలు చెప్పులో పెట్టి, రెండోది పెట్టకుండా.

"అమ్మ అప్పుడు చచ్చిపోలేదు."

భద్రు చెప్పులోంచి కాలు తీశాడు. లోపలికి వచ్చాడు గానీ కుర్చీలో కూర్చోలేదు. గోడకు వీపు ఆనించి నేలమీద కూర్చుని, తలకున్న తువ్వాలు విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు.

"లేదు బిడ్డా," అన్నాడు. "చచ్చిపోలేదు."

జకర్యా లేచి వంటింట్లోకి పోబోయాడు. "మీరుండండి సార్," అంది జ్యోత్స్న. ఒంటరిగా వినడానికి ఆమెకు ధైర్యం చాల్లేదు. ఆయన తిరిగొచ్చి కూర్చున్నాడు. అంతోనమ్మ కుర్చీ జరుపుకుని ఆ అమ్మాయి పక్కకు వచ్చింది.

భద్రు చెప్పడం మొదలుపెట్టాడు. అతనికి మాటలు తక్కువ. ఒక్కో ముక్కా చెప్పి ఆగేవాడు.

"నువ్వు పుట్టినంక సోనికి దగ్గు పట్టింది. టీబీ అన్నరు. గప్పుడు మేం ఈ తండల లేం, ఇల్లెందు దిక్కున్నం. పిల్లకు అంటుకుంటదని మా అమ్మ భయపడ్డది. సోని వాళ్లన్న వచ్చి ఆమెను తోల్కపోయిండు. అటే దవాఖానల ఉంది. ఏడాదిన్నర. నేను రెండుసార్లు పోయిన, తర్వాత పోలే. బతకదన్నరు. మేం కౌలు కోసం ఇటొచ్చినం. ఇక్కడోళ్లు పిల్ల తల్లి ఏదని అడిగితే, సోని పోయిందని మా అమ్మ చెప్పింది. నేను కాదనలే. తర్వాత బాలిని చేసుకున్న."

"ఆమెకు నయమైంది."

"అయింది. టీబీ నయమైతదని నాకు తెల్వలే బిడ్డా. మా అమ్మకు తెల్వలే."

"తర్వాత?"

"గప్పుడు నేను మిల్లుకు వెదురుబొంగుల లోడింగ్ చేస్తున్న. ఎట్ల తెలుసుకుందో, ఒకనాడు పొద్దుగాల గేటు కాడికొచ్చి నిలబడ్డది. నేను ఇంటికి పోయి నిన్ను భుజం మీద ఎక్కించుకోని బస్టాండుకు తెచ్చిన. ఆమె కొంచెం దూరంల నిలబడి నిన్ను రమ్మన్నది. నువ్వు దిగి నా కాళ్ల ఎనక దాక్కున్నవ్. కొత్త మనిషి గదా. బాలి ఏదని ఏడ్సినవ్." అతను తువ్వాలు అంచును మడత పెట్టాడు, విప్పాడు. "ఆమె దగ్గరికి రాలే. 'దానికి తల్లి ఉన్నది. ఇప్పుడు నేను మధ్యలకొస్తే అది ఇద్దర్ల ఎవర్ని పిలవాలె' అన్నది. సాయంత్రం దాక ఆగుమన్నది. నాలుగింటికి పోతే ఈ గౌను నా చేతికిచ్చింది. పెద్దగైనంక నువ్వే చెప్పుమన్నది. చెప్తనన్న. నా చేత ఒట్టు పెట్టిచ్చుకోలే. నా మాట మీద పోయింది."

"నాకు ఇరవై అయిదేండ్లు బాపూ."

"అవ్."

"నేను రోజూ టీబీ వార్డు ముందటి నుంచే పోత. ఆరు నెలలు మందులు మింగితే తగ్గుతదని దినాం పదిమందికి చెప్త. ఒక్కనాడన్న నీకు అనిపియ్యలేదా?"

"అనిపిచ్చింది. టెన్త్ పాసైనంక చెప్దామనుకున్న. తర్వాత ఇంటర్ అన్న. నర్సింగ్ సీటొచ్చినంక అన్న. నౌకరొచ్చినంక అన్న. ఏదో ఒకటి అడ్డమొచ్చింది." తల ఎత్తి కూతురి ముఖంలోకి మొదటిసారి చూశాడు. "అడ్డమేం రాలే. నాకే భయమైంది. చెప్తే నువ్వు పోతవని."

తండ్రి మీద కోపం రావాలి. అది ఎక్కడో వస్తూనే ఉంది. కానీ దానికంటే ముందు ఇంకోటి వచ్చి గుండెల్లో కూర్చుంది. ఈ పొద్దున ఇంటి నుంచి బయల్దేరినప్పుడు జ్యోత్స్నకు తల్లి గురించి తెలిసినది ఒక పేరు, ఒక జ్వరం. ఇప్పుడు ఆమెకు ఒక చేతిరాత ఉంది. జాన మీద నాలుగు వేళ్లని గాలిలో చూపించిన చెయ్యి ఉంది. ఒక్కసారి దూరం నుంచి చూసి, కుట్టుకు సరిపోయేటట్టు కొలతలు చెప్పిన కళ్లున్నాయి. తన పేరు పంతులు పెట్టింది కాదు. జ్యోత్స్న తండ్రి దగ్గరికి పోయి, నేలమీద పక్కన కూర్చుంది.

"నేనెక్కడికి పోత బాపూ," అంది. "బండి నువ్వు నడుపుతున్నవ్."

భద్రు నవ్వబోయాడు. చేతకాక తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. అంతోనమ్మ లేచి వంటింట్లోకి పోయి బియ్యం ఇంకో రెండు గ్లాసులు ఎక్కువ పోసింది. వచ్చినవాళ్లు తినకుండా పోయే పరిస్థితి లేదని ఆమె అప్పుడే తేల్చేసుకుంది.

"ఆమె ఇప్పుడెక్కడుంది?" అని అడిగింది జ్యోత్స్న.

"తెల్వదు. మణుగూరు దిక్కు హాస్టళ్ల వంటకు పోయిందని ఎన్నడో విన్న. పదిహేనేండ్లు దాటింది. మనిషి ఉందో లేదో."

"యాడీకి తెలుసా?"

భద్రు తల అడ్డంగా ఊపాడు. "బాలికి తెల్వదు. ఆమె గూడ సోని లేదనే అనుకుంటది. గదే నా బాధ. ఇన్నేండ్లు నిన్ను కన్నబిడ్డ లెక్క సాకింది. ఇయ్యాల గిది చెప్తే ఎట్ల తట్టుకుంటది."

జ్యోత్స్నకూ అదే గుబులు. కానీ ఒక అబద్ధం ఇరవై రెండేళ్లు ఎలా పెరిగిందో ఇప్పుడే కళ్లారా చూసింది. దాన్ని ఇంకో పూట మోయడం తనవల్ల కాదనిపించింది. ఫోన్ తీసి బాలికి చేసింది. దాన్ని బల్లమీద, అట్టపెట్టె పక్కన పెట్టి స్పీకర్ నొక్కింది.

"తిన్నవా బిడ్డా?" అంది బాలి. వెనకాల కోళ్ల చప్పుడు.

"తినలే యాడీ. ఇంకా సారపాకలనే ఉన్నం. ఆ గుండీ సంగతి తెలిసింది." ఎలా చెప్పాలో తోచలేదు. ఉన్నదున్నట్టే చెప్పింది. "గౌను నానమ్మ కొన్నది కాదు. మా అమ్మ కుట్టిచ్చింది. నేను మూడేండ్ల పిల్లగున్నప్పుడు. బాపు అంతా చెప్పిండు."

కోళ్లను అదిలించిన చప్పుడు. తలుపు దగ్గరగా వేసిన చప్పుడు.

"బాపు చెప్పిండా," అంది బాలి. ఆమె గొంతులో ఏడుపు లేదు. పెద్ద మూట దించుకున్న మనిషి మాట్లాడినట్టుంది. "పోనీ, ఇప్పటికైన చెప్పిండు."

భద్రు గోడకు ఆనించిన వీపు తీసి నిటారుగా అయ్యాడు.

"యాడీ, నీకు తెలుసా?"

"నువ్వు ఇంటర్ చదివేటప్పుడు ఆమె మన తండకొచ్చింది. మీ బాపు తోటల ఉన్నడు. నేనే నీళ్లిచ్చిన. బిడ్డ సదువుతుందా అని అడిగింది. సదువుతుందన్న. గంతే అడిగి లేచింది. నేనే కూసోమన్న. అప్పట్నుంచి మాకు ఫోన్లున్నయి. నీ కాలేజీ ఫొటో, నర్సు బట్టల్ల దిగిన ఫొటో, అన్నీ నేనే పంపిన. మీ బాపు నోటితోని నీకు చెప్పేదాక నేను చెప్పొద్దని ఆమె అన్నది. నేను గూడ గట్లనే ఉన్న."

జ్యోత్స్న కళ్ల నీళ్లు కారిపోతున్నాయి. ఆమె తుడుచుకోలేదు. "ఆమె ఉందా యాడీ? మంచిగున్నదా?"

"ఉన్నది. మణుగూరుల హాస్టల్ల వంట చేస్తది. బీపీ ఒక్కటే జరంత ఎక్కువుంటది." అటునుంచి నులకమంచం కిర్రుమంది. "నువ్వు ఆమెను చూసినవ్ బిడ్డా."

"నేనా?"

"ఎండకాలంల ఒకసారి, మొన్న వానల్ల ఒకసారి. చీటీ రాయించుకోని మీ దవాఖానల లైన్ల నిలబడ్డది. నువ్వే బీపీ చూసినవట. 'ఉప్పు తగ్గియ్యాలె అమ్మా' అన్నవట. అమ్మా అన్నవని నాకు ఫోన్ల చెప్పింది. ఆ ఒక్క మాట కోసమే ఫోన్ చేసింది."

జ్యోత్స్న రోజుకు వందమందికి బీపీ చూస్తుంది. వందమందినీ అమ్మా అనే అంటుంది. తను బీపీ పట్టీ చుట్టిన చేతులన్నీ ఒక్కసారిగా గుర్తుకు తెచ్చుకోవాలని చూసింది. నల్లవి, ఎర్రవి, గాజులున్నవి, లేనివి. ఏ చెయ్యి ఆగింది? ఏ కళ్లు చీటీ తీసుకున్నాక కూడా కాసేపు తన ముఖం మీదే ఉన్నాయి?

"ఎట్లుంటది యాడీ ఆమె? నేనెట్ల గుర్తువట్టాలె?"

"నేను చెప్ప," అంది బాలి. "నెలకు మళ్లొచ్చి చూపించుకోమని చీటీ మీద నువ్వే రాసినవట. ఆ నెల రేపటికి నిండుతది. మణుగూరు బస్సు తొమ్మిదింటికల్ల భద్రాచలం వస్తది."

జ్యోత్స్న తండ్రి వైపు చూసింది. రేపు సోమవారం పొద్దున ఎనిమిదింటి నుంచి బీపీ చూసే బల్ల దగ్గర డ్యూటీ ఆమెదే.